‘బగ్ పౌడర్ డస్ట్’: ఒకే గొంతు, నాలుగు దరువులు

ఒక పాటకు ఇన్ని రీమిక్స్‌లు ఎందుకని అడిగే స్నేహితులతో నేను వాదించను. ‘బగ్ పౌడర్ డస్ట్’ అనే రాప్ పాట ఒరిజినల్ ఒకసారి, వియన్నా జంట క్రూడర్, డార్ఫ్‌మైస్టర్‌ల రీమిక్స్ ఒకసారి వినిపిస్తాను. మాటలు అవే, గొంతు అదే. మొదటిదాంట్లో ఆ మనిషి ఊరంతా తనదే అన్నట్టు దూసుకుపోతుంటాడు. రెండోదాంట్లో అతణ్ని ఎవరో వెంటాడుతున్నట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి విన్నాక కూడా నాకు ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

లండన్ ప్రొడ్యూసర్ టిమ్ సిమెనన్ బాంబ్ ద బేస్ పేరుతో, లాస్ ఏంజెలెస్ రాపర్ జస్టిన్ వార్‌ఫీల్డ్‌తో కలిసి 1994లో తెచ్చిన సింగిల్ ఇది. 1995లో వచ్చిన ‘క్లియర్’ ఆల్బమ్‌లో కూడా ఉంది. సిమెనన్ అప్పటికే పేరున్నవాడు. రకరకాల రికార్డుల ముక్కలు కలిపి కుట్టిన అతని ‘బీట్ డిస్’ 1988లో బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. వార్‌ఫీల్డ్ ఇక్కడ మాటలతో చేసింది కూడా అలాంటి పనే. విలియం బరోస్ నవల ‘నేకెడ్ లంచ్’లోని పేర్లు, పాత్రలు, ఇంటర్‌జోన్ అనే ఊరు అన్నీ తీసుకుని ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. బరోస్ కూడా తన కాగితాలు కత్తిరించి, అతికించి కొత్త వాక్యాలు పుట్టించిన రచయితే. దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1991లో ఆ నవల ఆధారంగా తీసిన సినిమా చూశాక గానీ నాకు సగం లైన్లు అందలేదు. అందులో పురుగుల మందు పొడే మత్తుమందు. ముందు సినిమా చూడండని చెప్పను, పాట అది లేకుండానే పట్టేస్తుంది. మత్తు, బూతు రెండూ ఉన్నాయి కాబట్టి ఇంట్లో అందరి మధ్యా పెట్టే పాట మాత్రం కాదు.

ఈ పాట నడిచేది బ్రేక్‌బీట్ మీద. అది అలవాటు లేనివాళ్ల కోసం ఒక మాట. పాత ఫంక్ రికార్డుల్లో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని సెకన్లుంటాయి. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వాయించాడు. ఈ సంగీతానికి మూలం అదే. హౌస్ అనే డాన్స్ సంగీతంలోలా దెబ్బ సమానంగా పడదు. మన తీన్మార్‌లో లాగే కాలు లెక్క సరిచూసుకునేలోపే నడుం కదిలిపోతుంది.

ఒరిజినల్‌లో నాకు ప్రాణం ఆ బేస్ లైనే. మందంగా, మొండిగా పాటంతా నడుస్తుంది. దాని మీద వార్‌ఫీల్డ్ ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపించదు. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇదంతా మాయమై రాప్ ఒక్కటే మిగులుతుంది, అలా విని తీర్పు చెప్పొద్దు. మామూలు హెడ్‌ఫోన్ చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, కారులో అయితే ఇంకా బాగుంటుంది.

వియన్నాకు చెందిన పీటర్ క్రూడర్, రిచర్డ్ డార్ఫ్‌మైస్టర్‌ల రీమిక్స్ రాత్రి పాట. 1998లో వచ్చిన ‘కే అండ్ డీ సెషన్స్’ అనే వాళ్ల రీమిక్స్‌ల సంకలనంలో ఉంది. ఒరిజినల్‌లో ఉన్న దూకుడు తీసేసి జమైకా డబ్ సంగీతంలోలా ఎకోలకు, ఖాళీలకు చోటిచ్చారు. గొప్పలు చెప్పుకుంటున్నట్టు వినిపించిన లైన్లే ఇక్కడ భయంతో గొణుగుతున్నట్టు వినిపిస్తాయి. నిడివి ఎక్కువ, మొదటిసారి సాగదీశారనిపించవచ్చు. పాటను ఒంటరిగా కాకుండా ఆ సంకలనం వరసలో వింటే ఆ నిడివి ఎందుకో తెలుస్తుంది.

డస్ట్ బ్రదర్స్ చేసిన రీమిక్స్ కూడా ఉంది. అంటే టామ్ రోలండ్స్, ఎడ్ సైమన్స్. ఆ పేరుతో అమెరికాలో ఒక జంట ముందే ఉండటంతో వీళ్లు 1995లో కెమికల్ బ్రదర్స్‌గా మారారు. తర్వాత వాళ్లకు పేరు తెచ్చిన గరుకు డ్రమ్స్, పగిలే శబ్దం ఇందులో అప్పుడే ఉన్నాయి. జిమ్‌లో అదిరిపోతుంది. కూర్చుని వింటే మాత్రం నాకు తొందరగా అలసట వస్తుంది, గొంతును కూడా అది కాస్త తొక్కేస్తుంది. పారిస్ జంట లా ఫంక్ మాబ్ రీమిక్స్ బాగానే ఉంది, కానీ దాన్ని వెతుక్కుని మళ్లీ పెట్టింది తక్కువ. (వాళ్లే తర్వాత కాసియస్ అయ్యారు.)

‘క్లియర్’ ఆల్బమ్ కొనాలా అంటే, షినేడ్ ఓకానర్, బెంజమిన్ జెఫానయా పాడిన ‘ఎంపైర్’ కోసమైనా కొనండి. లేదంటే ‘సెషన్స్’ దగ్గర మొదలుపెట్టండి. అందులో బ్రిటిష్ బ్యాండ్ డిపెష్ మోడ్ పాట ‘యూజ్‌లెస్’ రీమిక్స్ కూడా ఉంది. ఆ పాట వచ్చిన ‘అల్ట్రా’ ఆల్బమ్‌ను 1997లో ప్రొడ్యూస్ చేసింది సిమెననే. ఈ సంగతి తెలిశాక రెండింటినీ వాటి ఒరిజినల్స్ పక్కన పెట్టి విన్నాను. సిమెనన్ నిండుగా నింపిన చోటల్లా ఆ వియన్నా జంట ఏం తీసేయాలా అని చూశారు. నాకు ఆ రెండు పద్ధతులూ కావాలి, అందుకే ఒరిజినల్‌ను ప్లేలిస్ట్ నుంచి ఇప్పటికీ తీయలేదు.