స్ట్రీట్‌కంప్లీట్: ఒక నోట్‌కి వచ్చిన జవాబు వల్లే ఇంకా వాడుతున్నా

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా సమాచారం చేర్చగల ఉచిత మ్యాప్. మన చుట్టూ ఉన్నవాటి గురించి స్ట్రీట్‌కంప్లీట్ యాప్ చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది, మనమిచ్చే జవాబులు ఆ మ్యాప్‌లో చేరతాయి. పైసా రాని పని జనం ఎందుకు చేస్తారని ఆఫీసులో అడుగుతుంటారు. నా మటుకు కారణం ఇందులోని నోట్ సౌకర్యం, అంటే జవాబు తేలనిచోట మిగతావాళ్లు చూసేలా మ్యాప్ మీద రాసిపెట్టే చిన్న సందేశం.

మా రాజమండ్రిలో ఒక రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గర ఎత్తు పరిమితి ఎంతని యాప్ అడిగింది. నేనున్న వైపు బోర్డు మీద రంగు వెలిసిపోయింది. ఊహించి అంకె వేసే విషయం కాదు కదా, ఫొటో తీసి నోట్ పెట్టాను. ఆ నోట్ అటుగా తిరిగే మిగతావాళ్ల యాప్‌లోనూ కనిపిస్తుంది. కొన్నాళ్లకు జవాబొచ్చింది. అవతలి వైపు బోర్డు బాగానే ఉందట, 3.6 మీటర్లని చదివి మ్యాప్‌లో ఎక్కించారట. నోట్ మాత్రం మూయలేదు. వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయా అని తిరిగి నన్నే అడిగారు. ఇదే పని చేసే మనిషి మా ఊళ్లోనే ఇంకొకరున్నారని తెలిసి ఎంత సంతోషమేసిందో! నా ప్రశ్న కోసం ఎవరో ఆగి బోర్డు చదివారు. పెద్ద వాన పడ్డ రోజు నేనూ పనిగట్టుకుని వెళ్లి చూసి రాశాను.

మొదట్లో జవాబుకొక నక్షత్రం ఇచ్చే పద్ధతినే తెగ మెచ్చుకుని మా తమ్ముడి చేత కూడా యాప్ పెట్టించాను. ఆ సరదా మన వీధుల్లో ప్రశ్నలు అయిపోయేదాకానే. పైగా బస్టాపుల్లో చూపులేనివాళ్ల కోసం నేల మీద గరుకు పలకలున్నాయా అని అడుగుతుంది. ప్రతిచోటా ‘లేదు’ అని నొక్కీ నొక్కీ వాడు మానేశాడు. సెట్టింగ్స్‌లో ఆ ప్రశ్నను ఆపేయొచ్చు గానీ, ఆ ‘లేదు’లన్నీ మ్యాప్‌లో ఉండటం అవసరమనే నా అభిప్రాయం.

నోట్‌ని ఇంతగా పొగిడాను గానీ, తర్వాత నేను పెట్టినవాటిలో చాలావాటికి జవాబు రాలేదు. చుట్టుపక్కల పల్లెల్లో పెట్టినవి నెలల తరబడి అలాగే ఉన్నాయి. యాప్ రాసిన టోబియాస్ జ్విక్‌కి జర్మనీలోని ప్రోటోటైప్ ఫండ్ నుంచి కొంత ఆర్థిక సాయమైనా అందింది. ఊరికే వాడే మనలాంటివాళ్లకు మాత్రం దక్కేవి ఇలాంటి జవాబులే, అవీ రాకపోతే ఉత్సాహం తగ్గడం సహజం. పెద్ద నగరాల్లో పరిస్థితి మెరుగ్గా ఉండొచ్చు.

నాకు రోజూ నడిచే అలవాటుంది, చేతిలో ఆండ్రాయిడ్ ఫోనుంది కాబట్టి కుదిరింది. ఎప్పుడూ బండి మీదే తిరిగేవాళ్లకు అంతగా నప్పదేమో. కొత్త రోడ్డు గీయాలంటే ఇందులో కుదరదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకునే ఐడీ లాంటి వేరే మ్యాప్ ఎడిటర్ వాడాల్సిందే. ఐఫోన్ ఉన్నవాళ్లు ఇదే మ్యాప్‌కి వివరాలు చేర్చే ఎవ్రీ డోర్ అనే యాప్ చూడండి, అది నేను పెద్దగా వాడలేదు.