మంగళగిరి నుంచి గద్వాల దాకా: ఏళ్ళ తరబడి కట్టిన నేత చీరలపై నా సమీక్ష

విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను వారంలో ఐదారు రోజులు చేనేత చీరలే కడుతున్నాను. నా ఎత్తు ఐదడుగులకు కాస్త ఎక్కువ. భుజాలు సన్నం, ఛాతీ బరువు, నడుము కింది భాగం వెడల్పు. మా అక్క పొడగరి, బక్కపలచని మనిషి. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. మేము ముగ్గురమూ ఒకరి చీరలు ఒకరం కట్టుకుంటాం కాబట్టి, ఒకే చీర మూడు రకాల ఒళ్ళ మీద ఎలా నిలుస్తుందో దగ్గరగా చూసే వీలు నాకు కలిగింది. చీర ఒంటికి నప్పడమన్నది రంగు, ధరల కంటే నూలు సన్నదనం, గంజి, అంచు వెడల్పు, జాకెట్టు కోతల మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ అనుభవంతో నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇందులో రాస్తున్నదంతా ఆ నమ్మకానికి ఆధారాలే.

నేను ఎక్కువగా కట్టింది మంగళగిరి నూలు చీర. గుంట మగ్గం మీద సాధారణంగా 80 నంబరు (నూలు సన్నదనాన్ని తెలిపే సంఖ్య) నూలుతో, పోగుల మధ్య సందు లేకుండా దట్టంగా నేసే ఈ చీరకు బాడీ అంతా సాదాగా ఉంటుంది. అంచు మీద గోపురపు కొనల వంటి చిన్న చిన్న జరీ మొనలుంటే దాన్ని నిజాం అంచు అంటారు. ఈ నేత వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఏమిటంటే, లోపలి లంగా రంగు గురించి ఆలోచించనక్కరలేదు, తరగతి గదిలో కిటికీ వెలుతురుకు ఎదురుగా నిలబడినా బట్ట పలుచగా కనిపించదు. రెండవది, పొద్దున పెట్టిన కుచ్చిళ్ళు సాయంత్రం దాకా జారిపోకుండా నిలుస్తాయి. రోజంతా నిలబడి, మధ్య మధ్య మెట్లెక్కి దిగే ఉద్యోగంలో ఇంతకంటే నమ్మకమైన చీర నాకు దొరకలేదు.

అయితే కొత్త మంగళగిరి చీర నా వంటి ఒంటికి వెంటనే నప్పదు. మొదట్లో బట్ట బిర్రుగా ఉండి కుచ్చిళ్ళు ముందుకు పొడుచుకు వస్తాయి, పిరుదుల దగ్గర చీర ఒంటిని అంటకుండా ఎడంగా నిలిచి ఉన్న వెడల్పును ఇంకా పెంచి చూపుతుంది. నాలుగైదు ఉతుకులు పడ్డాక అదే చీర మెత్తబడి, కిందికి బరువుగా జారుతూ, కుచ్చిళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కాబట్టి మెత్తబడేదాకా దాన్ని సభలకూ పేరంటాలకూ కట్టకుండా, తోచినప్పుడల్లా ఇంట్లో కట్టి ఉతుకుతూ ఉంటాను. ముదురు రంగులు మొదటి ఉతుకుల్లో రంగు వదులుతాయి గనుక వాటిని విడిగా తడపాలి. గంజి విషయంలో మాది ఇంట్లోనే రెండు పద్ధతులు. నా చీరలకు అన్నం వార్చిన గంజిని బాగా పలుచన చేసి, కుచ్చిళ్ళ వైపు మాత్రమే ముంచి, పైట వైపు వదిలేస్తాను. మా అక్కకు చిక్కని గంజి కావాలి, ఎందుకంటే మెత్తని చీర ఆమె ఒంటికి అతుక్కుపోయి మనిషిని మరీ పీలగా చూపుతుంది, బిర్రుగా ఉన్న పైట భుజం మీదా ఛాతీ మీదా నిలబడి కాస్త నిండుదనాన్నిస్తుంది. చాకలి షాపులో అందరి చీరలకూ ఒకే రకం గంజి పెడతారు; ఆ పని ఇంట్లోనే చేసుకోమని నా గట్టి సలహా.

మంగళగిరిలో లోపం లేకపోలేదు. కూర్చుని లేచేసరికి వెనక భాగంలో ముడతలు పడతాయి, బస్సులో గంట ప్రయాణం చేసి నేరుగా వేదిక ఎక్కవలసి వస్తే అవి స్పష్టంగా కనిపిస్తాయి. అలాంటి రోజున నేను నూలూ పట్టూ కలిపి నేసినదాన్ని ఎంచుకుంటాను.

అంచు వెడల్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎత్తు తక్కువ ఉన్నవారికి ఎవరూ చెప్పని విషయం ఇది. చీర కింది భాగంలో జానెడు అంచు ఉంటే, చూసేవారి కన్ను నేల నుంచి జానెడు ఎత్తులో ఆగిపోతుంది. అంచు పైన మిగిలిన బట్టే మనిషి పొడవుగా కనిపిస్తుంది కాబట్టి పొట్టివారు ఇంకా పొట్టిగా తోస్తారు. నాకు రెండు మూడు వేళ్ళ వెడల్పున్న అంచు, అదీ చీర రంగుకు దగ్గరగా ఉన్నది బాగుంటుంది. నారాయణపేట చీరల్లో బాడీ ఒక రంగు, అంచు దానికి పూర్తిగా ఎదురు రంగు ఉండటం మామూలు, వాటిని మా అక్క కట్టినప్పుడు కలిగే నిండుదనం నేను కట్టినప్పుడు రాదు. గళ్ళ చీరల్లో కూడా చిన్న గళ్ళు నాకు నప్పుతాయి, పెద్ద గళ్ళు నడుము దగ్గర వంకర తిరిగి అక్కడి వెడల్పును లెక్కపెట్టినట్టు చూపిస్తాయి. పెద్ద అంచు మీద మనసుపడ్డ పొట్టివారికి ఒక దారి ఉంది: రెండు వైపులా ఒకే వెడల్పు అంచు కాకుండా, ఒక వైపు సన్నగా ఉన్న చీర చూసుకుని, సన్నని అంచు కిందికి వచ్చేలా కట్టుకోవచ్చు. అలాంటి చీరకు ఫాల్ ఏ వైపు వేయాలో దర్జీకి ముందే చెప్పాలి.

మా అమ్మ విషయంలో బరువే అన్నింటికంటే ముఖ్యమైంది. ఆమెకు వెంకటగిరి నూలు చీరలు తప్ప వేరేవి ఇప్పుడు సౌకర్యంగా లేవు. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయో ఆ సంఖ్యే నంబరు. వెంకటగిరిలో 100 నంబరూ అంతకు మించిన నూలూ వాడతారు కాబట్టి చీర చేతిలో బరువే తెలియదు, మే నెల ఎండల్లో కూడా చెమట బట్టలోంచి ఆరిపోతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీలోంచి లేచేటప్పుడు కాళ్ళకు చుట్టుకునే బట్ట తక్కువగా ఉండాలి, అమ్మకు కుచ్చిళ్ళు రెండు తగ్గించి, ఆ మిగిలిన బట్టను పైటకు వదిలి, చీర అంచును చీలమండ పైకి ఉండేలా కడతాము. ఈ చీర పలుచన కాబట్టి లోపలి లంగా అదే రంగులో ఉండటం తప్పనిసరి. పిన్నీసు గుచ్చిన చోట సన్నని పోగులు తెగి చిల్లు పడుతుంది గనుక భుజం దగ్గర చిన్న గుడ్డముక్క మడిచి పెట్టి దాని మీదుగా గుచ్చుతాను. నేను కట్టినప్పుడు వెంకటగిరి చీర పొట్ట దగ్గర ఒంటిని అంటుకుని ఉంటుంది, పైటను మడతలు పెట్టకుండా వదులుగా ముందుకు వదిలితే ఆ ఇబ్బంది తీరుతుంది.

పోచంపల్లి ఇక్కత్ నాకు చాలా ఇష్టమైన నేత. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి నమూనా గీతలు కొంచెం చెదిరినట్టు, పలచబడ్డట్టు కనిపిస్తాయి, ఆ మెత్తదనమే ఒంటి వంపులను నెమ్మదిగా కప్పుతుంది. నమూనా అరచేతి కంటే పెద్దదైతే నా నడుము దగ్గర సగం విరిగి కనిపిస్తుంది, అందుకే చిన్నవీ, నిలువు వరుసల్లో నడిచేవీ ఎంచుకుంటాను. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేత పేరుతో అచ్చు వేసిన మిల్లు చీరలు విరివిగా అమ్ముతున్నారు. వెనక్కి తిప్పి చూస్తే చాలా అచ్చు చీరల్లో రంగు వెలిసినట్టుంటుంది, అసలు ఇక్కత్‌లో రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ధరలో తేడా ఎలా ఉన్నా, అచ్చు చీర బట్ట బిగుసుకుని చెమటకు అంటుకోవడమే నా అసలు అభ్యంతరం.

పెళ్ళిళ్ళకు మా ఇళ్ళలో ధర్మవరం పట్టు కట్టడం ఆనవాయితీ. ఆ చీర అందాన్ని నేను కాదనను. కానీ వైశాఖ మాసపు ముహూర్తంలో, హోమగుండం దగ్గర, గంటల తరబడి పీటల పక్కన కూర్చోవలసిన మేనత్తగా ఆ బరువు నా వల్ల కాదు. అలాంటి సందర్భానికి నా ఎంపిక గద్వాల. బాడీ నూలు, అంచులూ కొంగూ పట్టు, రెంటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు, ఫోటోలో పట్టు చీరలాగే నిండుగా కనిపిస్తుంది, ఒంటికి మాత్రం నూలు చల్లదనమే తెలుస్తుంది. సన్నని అంచు గద్వాల చీరలు తక్కువగా దొరుకుతాయి, పొట్టివారు అడిగి వెతుక్కోవాలి. ఉతికే విషయంలో జాగ్రత్త అవసరం: నీళ్ళలో తడిస్తే నూలు భాగం పట్టు కంటే ఎక్కువగా ముడుచుకుని అంచు దగ్గర కుదింపు పడుతుంది, అందుకని డ్రైక్లీనింగ్‌కే ఇస్తాను.

ఇంత మంచి చీర కట్టినా జాకెట్టు సరిగా లేకపోతే రోజంతా చిరాకే. ఛాతీ బరువుగా ఉన్నవారికి నాలుగు డార్ట్‌ల (ఒంటికి అమరేలా లోపలికి మడిచి వేసే కుట్లు) మామూలు కోత కంటే ప్రిన్సెస్ కట్ సుఖంగా ఉంటుందని నా అనుభవం, ఎందుకంటే కుట్టు చంక దగ్గర నుంచి నడుము దాకా ఒకే వంపుగా నడిచి బట్టను ఎక్కడా గుంజదు. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల జాకెట్టు గుడ్డ నా వంటివారికి మోచేతి దాకా చేతులు పెట్టడానికి చాలదు. విడిగా మీటరు గుడ్డ కొని, లోపల అంగుళమైనా అదనపు కుట్టు వదిలించుకుంటే, ఒళ్ళు మారినప్పుడు విప్పి వదులు చేసుకోవచ్చు. లైనింగ్ తప్పక నూలుదే అడగాలి. పైకి ఎంత ఖరీదైన బట్ట పెట్టినా లోపల పాలిస్టర్ ఉంటే చంకల దగ్గర పొక్కులు వస్తాయి. కుట్టిన జాకెట్టును తొడిగి, బోర్డు మీద రాస్తున్నట్టు చేయి పైకెత్తి చూస్తాను. అంచు పైకి లేచి ఛాతీ దగ్గర బిగిస్తే చంక కోత సరిపోలేదని అర్థం, డబ్బు ఇవ్వకముందే సరిచేయించుకోవాలి. సన్నని భుజాలకు వెడల్పు మెడ పనికిరాదు, జారిపోతూ ఉంటుంది. మా అక్కకు మాత్రం పడవ మెడ చాలా బాగుంటుంది, పొడుగాటి మెడనూ ఎముకలు తేలిన భుజాలనూ అది సమంగా కప్పుతుంది.

లోపలి లంగా గురించి ఆడవాళ్ళు కూడా మాట్లాడరు, కానీ ఆరోగ్యానికి సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. నడుముకు బిగించి కట్టిన నాడా ఏళ్ళ తరబడి ఒరుసుకుని, పుండు మానక, చివరికి చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు వృద్ధ స్త్రీల సంగతిని వార్ధా, బిహార్ వైద్యులు 2024లో ఒక వైద్య పత్రికలో నివేదించారు. అది అరుదైన పరిణామమే, అయినా నల్లబడి దురద పెట్టే నాడా గుర్తు మన ఇళ్ళలో ఎంతమందికి లేదు? అమ్మకు సన్నని తాడు నాడా తీసేసి రెండు వేళ్ళ వెడల్పున్న మెత్తని గుడ్డ పట్టీ వేయించాము, ఇంట్లో ఉన్నప్పుడు ముడిని వదులు చేస్తాము. ఈ మధ్య వస్తున్న సాగే బట్ట లంగాలు నడుమును సన్నగా చూపిస్తాయి గానీ, మోకాళ్ళ దగ్గర బిగుసుకుని మెట్లెక్కనివ్వవు. రెండు గంటల విందుకు అవి సరిపోతాయి, కళాశాల రోజుకు మాత్రం పనికిరావు.

కొనేటప్పుడు నేను అడిగేది పొడవు. జాకెట్టు గుడ్డ కాకుండా ఐదున్నర మీటర్లు ఉండాలి. అంతకు తగ్గితే వెడల్పు ఒంటివారికి కుచ్చిళ్ళయినా తగ్గుతాయి, పైటయినా మోకాలి పైనే ఆగిపోతుంది. పొడగరులు పన్నా, అంటే బట్ట వెడల్పు, కూడా కొలిపించుకోవాలి. 45 అంగుళాల పన్నా చీర మా అక్కకు చీలమండల పైనే ఉండిపోతుంది, 48 అంగుళాలది సరిపోతుంది. తర్వాత చీరను విప్పించి, ఐదారు కుచ్చిళ్ళు పట్టి నడుము దగ్గర ఆనించి, అద్దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తాను. మగ్గాలున్న ఊళ్ళలో నేతగాళ్ళు దీనికి ఎన్నడూ విసుక్కోలేదు, పైగా ఇంకో అంచుతో నేసిన చీర తెచ్చి పక్కన పెట్టి చూసుకోమన్నవారే ఎక్కువ.