ఆరుగురి జట్టా, పొరుగూరితో పొత్తా, విలీనమా: పిల్లలు తగ్గిన అమెరికా పల్లె హైస్కూలుకు ఏది మేలు?

నెబ్రాస్కా, మోంటానా, కాన్సస్, పశ్చిమ టెక్సస్ వంటి చోట్ల తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు అందరినీ కలిపినా వందమంది కూడా లేని హైస్కూళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కమతాలు పెద్దవై, యంత్రాలు పెరిగి, సేద్యం మీద బతికే కుటుంబాలు తగ్గినకొద్దీ ఆ బళ్లలో పిల్లలూ తగ్గిపోయారు. మామూలు అమెరికన్ ఫుట్‌బాల్‌కు మైదానంలోనే పదకొండు మంది కావాలి. మొత్తం మగపిల్లలే పాతికమంది ఉన్న బడి అటువంటి జట్టును నిలబెట్టడం దాదాపు అసాధ్యం. అప్పుడు స్కూలు బోర్డు ముందు మూడు దారులుంటాయి. తక్కువమందితో ఆడే ఆటకు మారవచ్చు, పొరుగు బడితో కలిసి ఉమ్మడి జట్టు కట్టవచ్చు, లేదా రెండు బళ్లనూ ఒక్కటిగా విలీనం చేయవచ్చు. ఈ మూడింటినీ తూచడానికి గెలుపోటములు సరైన కొలత కాదని నేను నమ్ముతాను. ఎంతమంది పిల్లలకు ఆటలో, పాటలో, నాటకంలో నిజమైన చోటు దొరుకుతుందన్నదే ఇక్కడ అసలు కొలత.

మొదటి దారికి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. మహామాంద్యం రోజుల్లో నెబ్రాస్కాలోని చెస్టర్ హైస్కూలులో పనిచేస్తున్న స్టీఫెన్ ఎప్లర్, పదకొండు మందిని సమకూర్చుకోలేని బళ్ల కోసం ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్‌ను రూపొందించారు. 1934 సెప్టెంబరులో హెబ్రన్ పట్టణంలో జరిగిన తొలి ఆట 19–19 పాయింట్లతో సమంగా ముగిసింది. ఆటను చిన్నది చేయడమంటే కేవలం మనుషులను తగ్గించడం కాదని దీని నియమాలు చూస్తే తెలుస్తుంది. మైదానం పొడవు వంద గజాల నుంచి 80 గజాలకు, వెడల్పు 40 గజాలకు తగ్గింది. బంతి తమ చేతిలోనే ఉండాలంటే నాలుగు ప్రయత్నాల్లో ముందుకు సాగాల్సిన దూరం మాత్రం పది గజాల నుంచి 15 గజాలకు పెరిగింది, ఎందుకంటే అడ్డుకునేవారు తక్కువైనప్పుడు పరుగు తేలికవుతుంది. జట్టులోని ఆరుగురిలో ఎవరైనా బంతిని అందుకోవచ్చు కనుక, మామూలు ఆటలో బంతిని ముట్టుకోకుండానే నాలుగేళ్లు గడిపే బరువైన కుర్రవాడికి కూడా ఇక్కడ టచ్‌డౌన్ చేసే, అంటే బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చే, అవకాశం ఉంటుంది. రక్షణగా నిలిచేవారు తక్కువ కాబట్టి బంతిని తన్ని గోల్ చేయడం కష్టం, అందుకే ఫీల్డ్ గోల్‌కు మూడుకు బదులు నాలుగు పాయింట్లు ఇస్తారు. సగం ఆట ముగిసేసరికి గాని, ఆ తర్వాత గాని ఒక జట్టు 45 పాయింట్ల ఆధిక్యానికి చేరితే ఆట అక్కడితో ఆగిపోతుంది. బలహీనమైన జట్టు పిల్లల గౌరవాన్ని కాపాడే మంచి నియమం ఇది.

ఈ దారి బలమేమిటో పరిశోధకులు కూడా చాలాకాలం క్రితమే గుర్తించారు. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాన్సస్ హైస్కూళ్లను పోల్చి 1964లో వెలువరించిన అధ్యయనంలో, చిన్న బడిలో చదివే విద్యార్థి పెద్ద బడి విద్యార్థి కంటే ఎక్కువ రకాల కార్యక్రమాల్లో బాధ్యతగల పాత్రలు పోషిస్తాడని తేల్చారు. మనుషులు తక్కువైన చోట ప్రతివాడూ అవసరమవుతాడు. సిగ్గరినీ, అంతంతమాత్రం నైపుణ్యం ఉన్నవాడినీ సైతం పిలిచి పని అప్పగిస్తారు. శుక్రవారం రాత్రి ఆట సగంలో విరామం రాగానే కొందరు ఆటగాళ్లు అదే ఆట దుస్తుల్లో బ్యాండుతో కలిసి వాయిద్యం వాయించడం ఇటువంటి ఊళ్లలో వింతేమీ కాదు.

అయితే దీని లోపాలను తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. ప్రత్యామ్నాయ ఆటగాళ్లు లేనందున ఒకే పిల్లవాడు దాడిలోనూ రక్షణలోనూ ఆట పొడవునా మైదానంలోనే ఉంటాడు. పద్నాలుగేళ్ల వాడు పద్దెనిమిదేళ్ల వాడిని ఢీకొనవలసి వస్తుంది. ఇద్దరు ముగ్గురికి గాయాలైతే ఆటనే వదులుకోవాలి. టెక్సస్‌లో 1984 నాటి చట్టం ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 మార్కులు రాని విద్యార్థిని కొంతకాలం పోటీలకు దూరంగా ఉంచుతారు. పెద్ద బడిలో అది ఒక్కడికి పడే శిక్ష, మొత్తం ఎనిమిది మందే ఉన్న జట్టులో మాత్రం అది అందరి మీదా పడుతుంది, మార్కులు వేసే ఉపాధ్యాయుడి మీద ఒత్తిడి కూడా తెస్తుంది.

రెండో దారి పొత్తు. దీన్ని అక్కడివారు కో-ఆప్ అంటారు. బళ్లు విడివిడిగానే ఉంటాయి, ఒప్పందం ఏ ఆటకు ఆ ఆటకే కుదురుతుంది, దానికి రాష్ట్ర క్రీడాసంఘం అనుమతి కావాలి. మోంటానాలోని జెరాల్డీన్, హైవుడ్ బళ్లు ఆరుగురి ఫుట్‌బాల్‌లో కలిసి ఆడినప్పుడు ఆ జట్టు పేరు 'రైవల్స్', అంటే ప్రత్యర్థులు. పాత పోటీని మరిచిపోమని ఎవరినీ అడగకుండా, దాన్నే జెండాగా ఎత్తుకున్న ఆ పేరు నాకు ఎంతో నచ్చింది. పొత్తులో గొప్ప సుగుణం ఏమిటంటే, ఎక్కడ లోటు ఉందో అక్కడే అతుకు వేయవచ్చు. బాస్కెట్‌బాల్‌కు ఐదుగురు చాలు కనుక ఆ జట్టును ఎవరికి వారే నడుపుకోవచ్చు. నాటకం, వాలీబాల్, వ్యవసాయ విద్యార్థుల సంఘమైన ఎఫ్ఎఫ్ఏ శాఖ ఊళ్లోనే ఉంటాయి.

పొత్తు చెడేది సాధారణంగా ఆట దగ్గర కాదు, బస్సు దగ్గర. రోజూ బడి ముగిశాక పొరుగూరికి వెళ్లి, సాధన చేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. కారు లేని ఇంటి పిల్లలు, సాయంత్రం పశువుల పని చూసుకోవలసిన పిల్లలు ముందుగా జారిపోతారు. నెబ్రాస్కా పద్నాలుగేళ్లు దాటిన పల్లె పిల్లలకు బడికి వెళ్లిరావడానికి ప్రత్యేకమైన డ్రైవింగ్ అనుమతి ఇస్తుంది గాని, నడపడానికి ఇంట్లో బండి ఉండాలి కదా. మరో చిక్కు కూడా ఉంది. పొత్తు కట్టాక రెండు బళ్ల విద్యార్థుల సంఖ్యను కలిపి లెక్కిస్తే, జట్టు పోటీల్లో పెద్ద బళ్లున్న శ్రేణిలోకి వెళ్లి పడవచ్చు.

మూడోదైన విలీనం దేశమంతటా జరిగిన పెద్ద మార్పు. 1939–40లో సుమారు 1,17,000గా ఉన్న విద్యా డిస్ట్రిక్టులు (బళ్లను నడిపే స్థానిక పాలనా విభాగాలు) ఇప్పుడు 13,000 పైచిలుకు మాత్రమే. అర్కాన్సా రాష్ట్రం 2004లో చట్టం చేసి, వరుసగా రెండేళ్లు 350 మంది విద్యార్థులకంటే తక్కువ ఉన్న డిస్ట్రిక్టులు ఇతరులతో కలవాల్సిందేనని నిర్ణయించింది. 2015లో ఆ నియమానికి మినహాయింపులు తెచ్చింది. విలీనాన్ని కోరేవారి వాదనలో బలం లేకపోలేదు. రసాయనశాస్త్రం చెప్పగల ఉపాధ్యాయుడు దొరకని బడిలో ఆటస్థలం ఎంత బాగున్నా పిల్లలకు అన్యాయమే జరుగుతుంది. ఎనిమిది మందితో ఈడ్చుకొస్తున్న బ్యాండు నలభై మందితో నిజమైన సంగీతం వినిపించగలదు. బ్యాండు, గాయకబృందం, పరుగు పందేలు వంటివాటిలో చోట్లకు పెద్దగా పరిమితి లేదు కాబట్టి మంది పెరిగితే మేలే.

చోట్లు లెక్కపెట్టి ఉన్న కార్యక్రమాల సంగతి వేరు. రెండు ఆరుగురి ఫుట్‌బాల్ జట్లంటే పన్నెండు మంది ఆడతారు. విలీనమయ్యాక ఎనిమిది మందితో ఆడే రకం ఫుట్‌బాల్‌కు మారితే నలుగురికి చోటు పోయినట్టే. వాలీబాల్‌లో పన్నెండు ఆరవుతుంది, బాస్కెట్‌బాల్‌లో పది ఐదవుతుంది, రెండు నాటకాల కథానాయకులు ఒక్కరవుతారు. ఆ మిగిలినవారు బెంచీ మీదికో, ప్రేక్షకుల్లోకో చేరతారు. పైగా పొత్తును కొన్నేళ్లకు విప్పుకోవచ్చు, మూసిన బడిని తిరిగి తెరవడం చాలా కష్టం.

ఇది మన తెలుగువారికి పూర్తిగా దూరపు సంగతేమీ కాదు. విదేశీ వైద్యులకు వీసా నియమంలో సడలింపు ఇచ్చే కాన్రాడ్ 30 పథకం కింద వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేయడానికి వెళ్లిన భారతీయ వైద్యుల్లో తెలుగువారూ ఉన్నారు. అటువంటి ఊళ్లో బడి చిన్నదని దిగులుపడే తల్లిదండ్రులకు నేను చెప్పేదొక్కటే: ఏ సైన్సు, గణిత కోర్సులు ఉన్నాయో ముందు కనుక్కోండి, అవి సరిగా ఉంటే చిన్నతనానికి భయపడకండి. పెద్ద నగరపు బడిలో ఎంపిక పరీక్షకే నిలవలేని మీ పిల్లవాడిని ఇక్కడ కోచ్ స్వయంగా పిలుస్తాడు.

ఇక నా తీర్పు. ఇష్టంగా ఆడే ఆరోగ్యవంతులైన పిల్లలు పన్నెండు మంది ఉన్నంతకాలం ఆరుగురి జట్టే మేలు. అంతకంటే తగ్గితే, పసివాళ్లను ప్రమాదంలోకి నెట్టకుండా ఆ ఒక్క ఆటకు పొత్తు కట్టాలి. తరగతి గదిలో పాఠమే సాగనప్పుడు మాత్రమే విలీనం గురించి ఆలోచించాలి. పొత్తు కట్టేటప్పుడు సాధన రెండు ఊళ్లలో వంతులవారీగా జరగాలనీ, సొంత ఊరి ఆటలను చెరి సగం పంచుకోవాలనీ, రాత్రి బస్సు ఖర్చును రెండు బోర్డులూ భరించాలనీ ఒప్పందంలోనే రాసుకోవాలి. టెక్సస్ వంటి రాష్ట్రాలు రెండేళ్లకోసారి పోటీల కోసం బళ్లకిచ్చే శ్రేణులను సవరిస్తాయి కనుక, ఈ మాటలన్నీ ఆ సవరణకు ముందే పూర్తి చేసుకోవాలి. ఆటగాళ్లు చాలక సీజన్ మధ్యలో జట్టు కూలిపోయాక పొరుగూరి తలుపు తడితే, ఆ ఏడాది పన్నెండో తరగతిలో ఉన్న పిల్లలకు ఆ పొత్తు ఏ మాత్రమూ ఉపయోగపడదు.