ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్: ఆరేళ్ల వాడకం తర్వాత

డాబ్సోనియన్ అంటే నేల మీది బేస్‌లో కూర్చోబెట్టి చేత్తో తిప్పుకునే అద్దపు టెలిస్కోప్. దీని అద్దం మీద ఫిర్యాదేమీ లేదు. ఆరేళ్లలో ఇబ్బంది పెట్టినవన్నీ అద్దం చుట్టూ ఉన్నవే: ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి), బేస్, స్క్రూలు, గాలి. అద్దం వ్యాసం 203 ఎంఎం, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 ఎంఎం, దాన్ని వ్యాసంతో భాగిస్తే ఎఫ్/5.9. గొట్టం, బేస్ కలిపి సుమారు 20 కిలోలు. రెండు విడతలుగా మోసుకెళ్లడమే నడుముకు మేలు. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు.

పెట్టెలో వచ్చే 25 ఎంఎం ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) 48 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. రెండు నిండు చందమామలు పక్కపక్కన పట్టేంత ఆకాశం అందులో ఉంటుంది. కృత్తికలు మాత్రం అంచుల దాకా ఇరుక్కుంటాయి. 32 ఎంఎం పెడితే చుట్టూ కాస్త చీకటి మిగిలి అందం వస్తుంది. 10 ఎంఎంతో 120 రెట్లు. లెక్క ప్రకారం 400 దాకా పోవచ్చంటారు గానీ, గాలి 200 దాటనిచ్చే రాత్రులు తక్కువ. అక్కడ 50 డిగ్రీల వెడల్పు చూపే మామూలు ఐపీస్‌లో గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క నిమిషంలో జారిపోతుంది. చేత్తో నెడుతూనే చూడాలి. రెండు రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది.

బయటికి తెచ్చీ తేగానే గురుడి మీదికి తిప్పి పెదవి విరిచేవాళ్లు చాలామంది. గదిలో వెచ్చగా ఉన్న మందపాటి గాజు చల్లబడేదాకా దాని ముందు వేడి గాలి పొర కదులుతూనే ఉంటుంది. గ్రహం నీళ్లడుగున ఉన్నట్టు ఊగుతుంది. కనీసం ముప్పావుగంట, లోపలికీ బయటికీ వేడిలో తేడా ఎక్కువుంటే గంట పైన ఆగాలి. అద్దం వెనక 80 ఎంఎం కంప్యూటర్ ఫ్యాను పెట్టి 12 వోల్టుల బ్యాటరీతో తిప్పితే ఈ కాలం బాగా తగ్గుతుంది. ఫ్యానును స్క్రూలతో బిగించొద్దు, రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయాలి. లేకపోతే ఆ అదురు నక్షత్రాల్లో కనిపిస్తుంది. ఎండకు కాగిన డాబాల మీదుగా చూస్తే ఫ్యాను ఉన్నా లాభం లేదు.

ఇక కొలిమేషన్, అంటే గొట్టంలోని రెండు అద్దాలనూ ఒకే వరసకు సరిచేయడం. మోసిన ప్రతిసారీ చూసుకోవాల్సిందే. దీనికి వాడే లేజర్‌ను నమ్మేముందు దాన్నే పరీక్షించాలి: ఫోకసర్‌లో (ఐపీస్ పెట్టే చోట) మెల్లగా తిప్పినప్పుడు పెద్ద అద్దం మీద ఎర్రచుక్క ఒకేచోట నిలవకుండా సున్నా చుట్టిందంటే లేజరే వంకర. మాకు వచ్చినది అలాగే ఉంది. ముందు, గొట్టం మూతి దగ్గరుండే చిన్న అద్దం మూడు స్క్రూలతో చుక్కను పెద్ద అద్దం మధ్యనున్న గుర్తులోకి తేవాలి. ఒకటి వదులు చేశాకే ఇంకోటి బిగించాలి. మూడూ ఒకేసారి వదిలితే చిన్న అద్దం గిర్రున తిరిగిపోతుంది, మళ్లీ మొదటికి. ఈ పనికి గొట్టం అడ్డంగా ఉండాలి, లేదంటే జారిన అలెన్ కీ నేరుగా పెద్ద అద్దం మీదే పడుతుంది. తర్వాత పెద్ద అద్దం వెనక స్ప్రింగు స్క్రూలు తిప్పి, తిరిగొచ్చే చుక్కను లేజర్ పలక మధ్యకు తేవాలి. లాక్ స్క్రూలు గట్టిగా బిగిస్తే అంతా మళ్లీ కదులుతుంది. తాకీ తాకనట్టు చాలు. చివరి తీర్పు నక్షత్రానిదే. ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు కాబట్టి దాన్ని 200 రెట్ల దగ్గర కొద్దిగా ఫోకస్ తప్పిస్తే, వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి.

ఏం కనిపిస్తుంది? శని వలయాలు 2025 మార్చిలో మనవైపు అంచుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి; ఏటేటా విచ్చుకునేకొద్దీ కాసిని చీలిక (వలయాల మధ్యనున్న నల్లటి సందు) మళ్లీ తేలికవుతుంది. ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం అంచుల్లో 120 రెట్ల దగ్గర ఉప్పు చల్లినట్టు చుక్కలు విడిపోతాయి. ఆండ్రోమెడా గెలాక్సీ మాత్రం ఎంతసేపు చూసినా బూడిదరంగు మసకే. ఫొటోల్లోని రంగులు ఆశించేవాళ్లు ఇది కొనొద్దు. సూర్యుడి వైపైతే గొట్టం మూతినంతా కప్పే సోలార్ ఫిల్టర్ లేకుండా తిప్పనే కూడదు, ఫైండర్‌కూ మూత వేసుండాలి. ఐపీస్‌కు బిగించే చిన్న సోలార్ ఫిల్టర్ వేడికి పగిలితే కన్ను పోతుంది.

ఫైండర్ తిన్నగా చూసే రకం; నడినెత్తిన ఉన్నవాటికి మెడ విరుచుకోవాలి. లంబకోణపు ఫైండర్‌కు మార్చడమే మంచి ఖర్చు. మంచు ముందు పట్టేది కూడా ఫైండర్‌కే. బేస్ చెక్కపొట్టు బోర్డు. తడి నేల మీద నేరుగా పెడితే కోసిన అంచుల్లోంచి నీరు పీల్చి ఉబ్బుతుంది. ఆ అంచులకు వార్నిష్ కొట్టడం కొన్నరోజే చేయాల్సిన పని. అడుగున బేరింగు మరీ జారుడుగా ఉంటే మధ్య బోల్టు అరచుట్టు బిగిస్తే సరి.

అద్దం మీద దుమ్ము చూసి కంగారు పడొద్దు. రెండు మూడేళ్లకోసారి కడిగితే చాలు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు, దూది బరువుతోనే లాగడం, నొక్కడం లేదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తోనే జాడించి వాలుగా నిలబెట్టాలి. మిగిలిన నీటిబొట్టును తుడవకుండా టిష్యూ కాగితం మూల తాకించి పీల్పించాలి.