జడ్చర్ల హైవే పక్క ఫైబర్ షెడ్డు: అచ్చు, పోత ఇక్కడ చేయించుకోండి, రంగు మాత్రం వద్దు

మట్టిలో బొమ్మ పూర్తయ్యాకే శిల్పికి అసలు ఖర్చు మొదలవుతుంది. కంచు పోత అందరికీ అందదు. సిమెంటు బరువు, పైగా వేళ్లు, చీర అంచుల్లాంటి సన్నని చోట్ల పెళుసు. ఇక మిగిలేది ఫైబర్, అంటే గాజు పీచును రెజిన్ అనే జిగురు ద్రవంతో తడిపి అచ్చులో పొరలుగా వేసే పోత. పాలమూరు, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపు శిల్పులు, ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఇప్పుడు ఆ పనికి జడ్చర్ల దాటాక హైవే పక్కనున్న ఈ షెడ్డుకు పోతున్నారు. బయట అంబేడ్కర్, ఐలమ్మ, శివాజీ విగ్రహాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మీది మెరుపు చూసి వెనక్కి తిరగొద్దు. రంగు వేయని ఒకదాన్ని పక్కకు వంచమని అడిగి, లోపల టార్చి కొట్టి చూడండి.

గాజు పీచు ఎక్కడా తెల్లగా, పొడిగా మిగలదు. ఇనుప రోలర్‌తో గాలంతా బయటికి నెట్టిన పని అది. ముందు వెనక భాగాలు కలిసే చోట లోపలి నుంచి మూడంగుళాల మ్యాట్ (గాజు పీచు గుడ్డ) పట్టీ అతికించి ఉంటుంది. ఊళ్లలో నిట్టనిలువునా పగుళ్లిచ్చే విగ్రహాల్లో చాలావాటికి ఉండనిది ఈ పట్టీయే. అక్కడ బయటి నుంచి పుట్టీ పూసి సరిపెడతారు.

అచ్చు తీయడంలో వీళ్లకు వంక పెట్టలేం. ఒక్క కాపీ చాలంటే పీవోపీ అచ్చు. మొదటి పూతలో కాస్త నీలం కలుపుతారు. తర్వాత అచ్చు పగలగొట్టేటప్పుడు నీలం కనబడగానే ఉలి నెమ్మదిస్తుంది, బొమ్మకు గాటు పడదు. అతుకు గీతను చెవి వెనక నుంచి, భుజం మీదుగా, నడుము పక్కకు దింపుతారు. ముఖం మీదికి రానివ్వరు. నాలుగైదు కాపీలు కావాలంటే సిలికాన్ రబ్బరు అచ్చు. ఇక్కడ వాడేది టిన్ రకం. గంధకం ఉన్న మైనపు మట్టితో చేసిన బొమ్మ మీద ప్లాటినం రకం గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది, దీనికి ఆ బాధ లేదు. కానీ టిన్ రకం నిల్వలో కుంచించుకుపోయి చిరుగుతుంది కాబట్టి కాపీలన్నీ ఒకేసారి తీయించుకోవడం మేలు.

పాలమూరు ఎండల్లో రెజిన్ పని అంటే దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ లెక్కే. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. చలికాలం 20 దగ్గర, ఎండాకాలం 10 దగ్గర ఉండాలి. అంతకంటే తగ్గిస్తే పోత లోపల పూర్తిగా పండదు, ఆ తర్వాత ఎండకు వంగుతుంది. అప్పటికీ తొందరగా గట్టిపడుతుంటే తగ్గించాల్సింది ఆ వేగం పెంచే కోబాల్టు ద్రావణాన్ని. ఈ తేడా తెలిసిన మేస్త్రి ఇక్కడ ఉన్నాడు. మే నెల మిట్టమధ్యాహ్నం పని ఎందుకు ఆపారని అడిగితే, ‘‘పొద్దు వంగినంక కొడ్తం సార్, గిప్పుడు కలిపితే డబ్బలనే గట్టివడ్తది’’ అన్నాడు. ఒక్కో కిలోనే, తూకం వేసి కలుపుతారు, సీసా మూతతో కొలవరు. కోబాల్టు ఒక మూల, హార్డ్‌నర్ ఇంకో మూల పెడతారు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతాయి మరి. బొమ్మకు పైపొరగా అచ్చులో ముందు పూసే జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం పడుతుంది. పలచనైతే వెనక వేసే రెజిన్ దాన్ని తినేసి మొసలి చర్మంలా ముడతలు తెస్తుంది. ఒక్క మాట మాత్రం మీరే గట్టిగా చెప్పాలి: ఆరుబయట పెట్టే బొమ్మకు ఎండావానలకు బాగా ఆగే ఐసోథాలిక్ రెజిన్ కావాలని. అడగకపోతే జనరల్ పర్పస్ అనే మామూలు రకం వేసేస్తారు.

సరుకు తీసుకునేటప్పుడు తూకం వేయించండి. ఆరడుగుల నిలువు బొమ్మకు బట్టల మడతలతో కలిపి సుమారు 3 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాములు) మ్యాట్ మూడు పొరలంటే 4 కిలోలు, దానికి రెండున్నర రెట్లు రెజిన్ 10 కిలోలు, జెల్‌కోట్ 2 కిలోలు. లోపలి ఇనుప చట్రం కాకుండా 16, 17 కిలోల దగ్గర తేలాలి. 30 చూపిస్తే రెజిన్‌లో డోలమైట్ రాతిపొడి దండిగా కలిసినట్టే. అలాంటి బొమ్మ చేతికి గట్టిగానే తగులుతుంది గానీ దెబ్బ తగిలితే పెంకులూడుతుంది. ఈ షెడ్డు సరుకు తూకంలో నిలబడింది. బరువు సంగతి మన జిల్లాలకు వేరే చెప్పాలా! ఉమ్మడి నల్లగొండలోని రాయగిరి రాతిలో చెక్కిన బుద్ధుడు 1990లో హుస్సేన్‌సాగర్‌లో మునిగి, 1992 డిసెంబరులో గాని నిలబడలేదు.

రేటు అడుగు లెక్కన చెబుతారు. అది చిన్న బొమ్మకు మీకు నష్టం, పెద్దదానికి వాళ్లకు నష్టం. ఆరడుగులది పన్నెండడుగులైతే ఉపరితలం నాలుగింతలవుతుంది, రేటు రెండింతలే. ఆ తేడాను ఎక్కడో ఒక పొర తగ్గించి పూడ్చుకోవాలనిపించడం సహజం. అందుకే పెద్ద పనికి ఎన్ని పొరలో, ఏ మ్యాటో కాగితం మీద రాయించుకోండి. చట్రం పైపు రెండు కాళ్ల మడమల గుండా బేస్ ప్లేటు దాకా దిగాలి. అడుగున నీరు కారేందుకు ఒక రంధ్రం కూడా చెప్పి పెట్టించండి, వాళ్లంతట వాళ్లు పెట్టరు.

రంగు దగ్గరికి వచ్చేసరికి ఇదే షెడ్డేనా అనిపిస్తుంది. అచ్చు నుంచి అంటిన వ్యాక్స్ కడగకుండానే పుట్టీ, దాని మీద లక్కర్‌లో కలిపిన కంచు పొడి. రెండు ఎండాకాలాలు గడిచేసరికి పొడి నల్లబడుతుంది, పుట్టీ పొలుసులుగా లేస్తుంది. మట్టి మీద మీ వేలిముద్రలు, పనిముట్టు గీతలు పోతలో ఎంత చక్కగా దిగాయో, ఆ పుట్టీ కింద అంత చక్కగా కప్పబడిపోతాయి. బొమ్మను తెల్ల జెల్‌కోట్‌తోనే తెచ్చుకోండి. వారం ఆరనిచ్చి సబ్బునీళ్లతో కడిగి, 220, తర్వాత 400 నంబరు నీటి కాగితంతో రుద్ది, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు భాగాలు కలిపి వాడే పీయూ (పాలీయురెథేన్) రంగు వేయించండి. ఫైబర్‌కు కంచు వేషం ఎందుకన్నది వేరే ప్రశ్న. శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సంతాల్ కుటుంబాన్ని సిమెంటు, మొరం రాళ్లతో చేసి, దాన్ని సిమెంటుగానే వదిలేశాడు.

గ్యాలరీకి పోయే పనైతే ఇంకో చిక్కు. బిల్లులో ‘ఫైబర్ బొమ్మ - 1’ అని మాత్రమే రాస్తారు. కొన్నవాళ్లకు అది ఎన్నో కాపీయో, మొత్తం ఎన్నో తెలియాలి. ఫ్రాన్సులో 8 కాపీలు, శిల్పికి మరో 4 అన్నది మామూలు హద్దు. మన దగ్గర మీరు రాసుకున్నదే హద్దు. అచ్చు ఎవరిదో అడ్వాన్సు ఇచ్చేముందే తేల్చుకోండి. చివరి కాపీ అయ్యాక అచ్చు తెచ్చేసుకోండి, లేదా ఎదురుగా కోయించండి.

గ్రైండింగ్ జరుగుతుంటే లోపల నిలబడొద్దు. షెడ్డు రెండు వైపులా తెరిచే ఉంది గానీ కుర్రాళ్లు మూతికి రుమాలే కట్టుకుంటారు. రుమాలు రెజిన్ నుంచి లేచే స్టైరీన్ పొగను ఆపదు. పాలిస్టర్ రెజిన్‌తో బొమ్మలు చేసిన ఫ్రెంచ్-అమెరికన్ శిల్పి నికీ ద సాఁ ఫాల్ ఊపిరితిత్తుల జబ్బుకు ఆ పొగలే కారణమని చెబుతారు. ఇదొక్కటి షెడ్డు యజమాని ఆలోచించాల్సిన లోటు.

జనవరి నుంచి ఏప్రిల్ 14 దాకా జయంతి విగ్రహాల గిరాకీ ముందు మీ పని వెనకబడుతుంది. వానాకాలం తేమకు జెల్‌కోట్ మసకబారుతుంది. దసరా తర్వాత ఇస్తే పని సాఫీగా సాగుతుంది. టాటా ఏస్‌లో తెచ్చుకునేటప్పుడు బొమ్మను వెల్లకిలా పాత టైర్ల మీద పడుకోబెట్టి, తాడు నడుముకు, తొడలకు వేయించండి, మెడకు, మణికట్టుకు వద్దు. బయటికి చాచిన చేతులుంటే వాటిని ముందే విడిగా పోయించుకుని, స్లీవ్ జాయింట్‌తో (ఒక గొట్టంలో ఇంకోటి దూరే అతుకు) అక్కడికెళ్లాక బిగించుకోవచ్చు.