పసుపు: కొమ్ములు ఆడించుకుంటే మేలా, పొడి కొంటే మేలా?

మైదుకూరు, దువ్వూరు వైపు కొత్త పసుపు కళ్లాల్లోకి వచ్చే రోజులు మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: పొడిలో కల్తీ ఉంటోంది కదా, కొమ్ములు తెచ్చి మిల్లులో ఆడించుకుంటే ఇక భయం లేనట్టేనా అని.

అన్ని కొమ్ములకూ ఆ మాట చెప్పలేను. పసుపులో అన్నిటికంటే భయపడాల్సింది సీసం, అది చేరేది చాలాసార్లు కొమ్ము మీదే. ఉడకబెట్టి ఎండేసిన కొమ్ము మట్టిరంగులో, గరుకుగా, వేర్ల పీచుతో ఉంటుంది. పాలిష్ డ్రమ్ములో తిప్పితే పైపొట్టు రాలి పచ్చగా తేలుతుంది. ఇందులో తప్పేం లేదు, కొందరు చివర్లో పసుపు నీళ్లే చల్లి మెరుగు పెడతారు. కానీ తడిసి నల్లబడిన సరుకో, పురుగు పట్టిన పాత సరుకో ఎంత తిప్పినా ఆ రంగు రాదు కాబట్టి, అక్కడ లెడ్ క్రోమేట్ చల్లేవాళ్లు ఉన్నారు. అది పెయింట్లలో వాడే పసుపుపచ్చ రంగు, అందులో ఉండేది సీసం. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ నుంచి తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది, అధికారులు గట్టిగా పట్టుకున్నాక 2021 నాటికి ఒక్కదాంట్లోనూ దొరకలేదు. మన దేశంలో గ్రాము పసుపులో 10 మైక్రోగ్రాముల సీసం దాటకూడదని నిబంధన, పాట్నాలో కొన్న పసుపులో 1000 దాటింది కూడా దొరికింది. ఇది వండితే పోయేది కాదు. ఒంట్లో చేరితే ఎముకల్లో ఏళ్లతరబడి నిలుస్తుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకూ వెళ్తుంది.

అందుకే నేను ముందు చూసేది పాలిష్‌నే. తెలిసిన రైతు దగ్గర పాలిష్ పట్టని కొమ్ములు దొరికితే నా ఓటు కళ్లు మూసుకుని వాటికే. చూడ్డానికి బాగుండవు, మిల్లువాడు కూడా మొహం చిట్లిస్తాడు, ఫరవాలేదు. శుభ్రంగా కడిగి, గలగలలాడేలా ఎండబెట్టి ఆడించండి. అవి దొరక్కపోతే మాత్రం, ఎక్కడివో తెలియని తళతళలాడే కొమ్ముల కంటే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న పేరున్న కంపెనీ ప్యాకెట్టే మేలంటాను. కనీసం దానికి జవాబు చెప్పేవాడు ఒకడుంటాడు.

అనుమానం ఉన్న కొమ్మును గాజుగ్లాసు నీళ్లలో వేసి చూడండి. మంచిదైతే నీళ్లకు రంగు దిగదు, రంగు పూసిందైతే వేసిన వెంటనే పచ్చగా వదులుతుంది. ఇది పెద్ద మోసాన్ని పట్టిస్తుందంతే, సీసం ఎంతుందో తేలాలంటే ల్యాబ్‌కు పంపాల్సిందే.

సంతలో గోతాం విప్పి అమ్మే విడిపొడి జోలికి పోవద్దు. పూజా సామాన్ల అంగట్లో దొరికే పసుపు గడపకే, కూరలోకి వద్దు. పసుపుకు రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్, దాంతో చేసే మాత్రలు వేరే సంగతి, అవి మింగి లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు, డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి.