ఓడరేవు దాకా ఇల్లు వెతుకుతూ

వచ్చే మార్చిలో నాకు రిటైర్మెంట్. ఆ తర్వాత హైదరాబాద్ వదిలి సముద్రం దగ్గర ఒక నిశ్శబ్దమైన పల్లెలో చిన్న ఇల్లు కొనుక్కుని ఉందామన్నది మా ఆవిడకు, నాకు పదేళ్లుగా ఉన్న కోరిక. మేముండే వనస్థలిపురంలో వేసవి వస్తే ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవడమే పని. మా వీధిలో వెయ్యి అడుగులు బోరు వేసినా చుక్క రాని ఇళ్లున్నాయి. అందుకే నవంబర్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి కారులో బయల్దేరాం. నవంబరే ఎందుకంటే అది తుఫాన్ల నెల. సంక్రాంతి సెలవుల్లో ఏ తీరమైనా అందంగానే కనిపిస్తుంది. ముసురు పట్టినప్పుడు ఎలా ఉంటుందో చూసి కదా కొనాలి!

కాకినాడ పక్కన ఉప్పాడకు అంతకుముందు ఏడాదే వెళ్లొచ్చాం. అక్కడ సముద్రం ఊరినే కోసుకుపోతోంది. రాళ్లు పేర్చిన గట్టు మీదుగా అలలు రోడ్డు మీద పడుతున్నాయి. సగం కూలిన ఇళ్లను చూశాక ఆ వైపు ఆలోచనే మానుకున్నాం.

ఈసారి మొదట పేరుపాలెం వెళ్లాం. కొబ్బరి తోటల మధ్య దారి, వెడల్పైన తీరం, మనుషుల మాటతీరు అన్నీ బాగున్నాయి. రాత్రి మాత్రం నరసాపురంలో లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఉదయం పెసరట్టు బాగుంది. తీరానికి దగ్గర్లో రెండు ఇళ్లు చూపించారు. రెండు చోట్లా తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటున్నారు. చుట్టూ రొయ్యల చెరువులు. భూమిలో నీరు ఉప్పగా మారిందని ఇంటివాళ్లే దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీకి వాళ్లకు దండం పెట్టాలి.

అక్కణ్ణుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి దిగాం. మచిలీపట్నం దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కేముందు దివిసీమలో టీ కోసం ఆగాం. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన ఈ సీమలోనే వేలాది ప్రాణాలను తీసుకుపోయింది. టీ కొట్టు పెద్దాయనకు అప్పుడు పన్నెండేళ్లట. మేం ఇల్లు కొనడానికి వెళ్తున్నామని చెబితే ఒక్కటే అడిగాడు: "మీరు చూసే ఊళ్లో తుఫాన్ షెల్టర్ ఎంత దూరం?" నా డైరీలో ఆ ప్రశ్న అప్పటిదాకా లేదు. ఆ తర్వాత చూసిన ప్రతి ఊళ్లోనూ ముందు అదే అడిగాను.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. పర్యాటక శాఖ వారి హరిత రిసార్ట్‌లో ఒక రాత్రి ఉన్నాం. గది దిగితే ఇసుకే. బుధవారం కావడంతో తీరంలో మేమూ వలలు సర్దుకునేవాళ్లూ తప్ప ఎవరూ లేరు. మా ఆవిడ అక్కడే ఉండిపోదామంది. కానీ వాచ్‌మన్ చెప్పిన మాట మరవలేను: ఆదివారాలు, ఆపైన కార్తీక పౌర్ణమి స్నానాలకు ఇసుక వేస్తే రాలదట. మామూలు రోజు వెళ్లి ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటే మోసపోతాం.

మర్నాడు చీరాల వైపు, రామాపురం. ఇక్కడ ప్రైవేటు రిసార్టులు వరసగా ఉన్నాయి. మేం దిగిన చోట గదికి వేలల్లో తీసుకుని, పక్క హాల్లో ఎవరిదో పుట్టినరోజని అర్ధరాత్రి దాటేదాకా స్పీకర్లు మోగించారు. రెండుసార్లు చెప్పినా వినలేదు. ఆ చుట్టుపక్కల ఇల్లు కొంటే ఆ చప్పుడు రోజూ మనదే. ఉదయం ఒక మధ్యవర్తి 'సీ వ్యూ' ప్లాట్లు చూపించాడు. కొత్త గేటు, రంగులేసిన హద్దురాళ్లు. సర్వే నంబర్ అడిగితే ముందు అడ్వాన్స్ ఇమ్మన్నాడు. మొత్తానికి నంబర్ రాబట్టి చూసుకుంటే అది 22ఎ నిషేధిత జాబితాలో ఉంది. ఆ జాబితాలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. దయచేసి ఎవరూ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), అడంగల్ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), 22ఎ చూడకుండా పది రూపాయలు కూడా చేతిలో పెట్టకండి.

సీఆర్‌జెడ్, అంటే సముద్రతీరంలో కట్టడాలను అదుపు చేసే నిబంధనల సంగతి కూడా చెప్పాలి. పల్లె తీరాల్లో హై టైడ్ లైన్ (పోటు సమయంలో నీళ్లు వచ్చే గీత) నుంచి 200 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టనివ్వరు. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత బాగా ఎక్కువున్న ఊళ్లకు మాత్రం 50 మీటర్లకు తగ్గించారు. అలలకు ఎదురుగా వరండా అని ఆశపెట్టేవాళ్లను ఈ గీత ఎక్కడుందో చూపించమనండి. నన్నడిగితే చట్టం లేకపోయినా అంత దగ్గరగా వద్దు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం మేమే చూశాం.

చీరాల దగ్గర ఓడరేవు అనే తీరపు ఊరికి వెళ్లే దారిలో, తీరానికి రెండు కిలోమీటర్లు ఇవతల, సరుగుడు తోటల వెనక ఉన్న ఇల్లు మాకు నచ్చింది. రెండు గదులు, పెంకుల వరండా, పెరట్లో వేరుశనగ. ఎనిమిది నిమిషాల్లో చీరాల. అక్కడ ఆస్పత్రులున్నాయి కానీ గుండె లాంటి పెద్ద జబ్బులకు ఒంగోలో గుంటూరో వెళ్లాలి. మా వయసుకు ఇది చిన్న విషయం కాదు, ఇంకా తేల్చుకోలేదు. హైదరాబాద్ రాకపోకలకు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చేపలకు లోటు లేదు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో తప్ప.

ఆ పెరట్లో ఒక పల్లపు గుంట ఉంది, నిండా నీళ్లు. దాన్ని దొరువు అంటారు. ఇంటి పెద్దావిడ చెంబుతో ముంచి ఇచ్చింది. తియ్యటి నీళ్లు! పది అడుగుల లోతు లేదు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుందట. వెయ్యి అడుగులు తవ్వే ఊరి నుంచి వచ్చిన మాకు నోట మాట రాలేదు. మోటారు పెడదామని నేను అనేలోపే ఆమె అంది: "బోరు దింపమాకండయ్యా, లోతుకెళ్తే ఉప్పే. పైపైన తోడుకుంటేనే మనకి." బాపట్ల వ్యవసాయ కళాశాల వాళ్లు ఇదే సూత్రం మీద, ఇసుకలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, ఆ నీటిని ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రైతులకు నేర్పారు. పక్క పొలంలో అది నడుస్తోంది, వెళ్లి చూశాను.

ధర కూడా మా అందుబాటులోనే ఉంది. అడ్వాన్స్ ఇద్దామా అని నేను మా ఆవిడ వైపు చూశాను. పెద్దావిడ నవ్వి, "ఇప్పుడు వానలు పడ్డాయి, తియ్యగానే ఉంటాయమ్మా. వైశాఖంలో వచ్చి తాగి చూసి, అప్పుడు మాట్లాడండి" అంది. అమ్మేవాళ్లు ఇలా చెప్పడం నేనెక్కడా వినలేదు.

మే చివరి వారానికి చీరాలలో గది మాట్లాడి వచ్చాం.